కాటాకు అందని తరుగు

పెళ్లి పందిట్లో వరసగా వేసే ప్లాస్టిక్ కుర్చీనీ, ఎన్‌95 మాస్కు మధ్యలో ఉండే తెల్లటి పొరనూ పక్కపక్కన పెడితే, అవి రెండూ ఒక తల్లి పిల్లలని ఎవరూ అనుకోరు. కుర్చీ వంద కిలోల మనిషిని మోస్తుంది. మాస్కు పొర ఊపిరి తగిలితేనే కదులుతుంది. దాని పోగుల్లో ఎక్కువ భాగం 1 నుంచి 5 మైక్రాన్ల మందమే, తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. అయినా రెండూ పాలీప్రొపిలీనే. 1954లో ఇటలీలో జూలియో నట్టా ప్రయోగశాలలో పుట్టి, ఆయనకు 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిపి నోబెల్ తెచ్చిపెట్టిన పదార్థమే. ఇక తేడా ఎక్కడుందంటే, కరిగించినప్పుడు అది ఎంత జిగటగా ఉంటుందన్న దగ్గర. ప్లాస్టిక్ వ్యాపారంలో దీనికి ఎంఎఫ్ఐ అని ఒక అంకె ఉంది. పాలీప్రొపిలీన్‌ను 230 డిగ్రీల వేడిలో కరిగించి, పైన 2.16 కిలోల బరువు పెట్టి, అడుగున 2 మిల్లీమీటర్ల పైచిలుకు రంధ్రం గుండా 10 నిమిషాల్లో ఎన్ని గ్రాములు జారిందో తూచి చెప్పే లెక్క అది. బియ్యం సంచులు అల్లే రకానికి ఈ అంకె 3 దగ్గర ఉంటుంది. కుర్చీ రకానికి పది, ఆ చుట్టుపక్కల. మాస్కు పొర రకానికి వెయ్యి దాటుతుంది. ఒకటి ముదురు పాకంలా సాగితే ఇంకోటి దాదాపు నీళ్లలా జారుతుందన్నమాట. 2020లో మాస్కులకు కరువొచ్చినప్పుడు ప్రపంచమంతా వెతుక్కున్నది కుట్టు మిషన్లను కాదు, ఈ మధ్య పొరనే.

ఈ జిగటకు మూలం గొలుసు పొడవు. పాలీప్రొపిలీన్ అణువు ఒక పెద్ద గొలుసు. కుర్చీ రకంలో ఒక్కో గొలుసులో ఏడు వేల దాకా ప్రొపిలీన్ కడియాలు ఉండటం మామూలే. అణువు మందాన్ని ఒక మిల్లీమీటరు సేమ్యా పోగంత అనుకుంటే, సాగదీసిన గొలుసు పొడవు దాదాపు మూడు మీటర్లు అవుతుంది. మూడేసి మీటర్ల సేమ్యా పోగుల్ని కుప్పపోసి గరిటెతో తిప్పడం ఎంత కష్టమో, కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి రంధ్రంలోంచి తోయడం అంత కష్టం. పోగులు చిక్కుపడతాయి. ఈ చిక్కుకు ఒక గణితం ఉంది: గొలుసు పొడవు పెరిగేకొద్దీ జిగట దాని 3.4వ ఘాతంలో పెరుగుతుంది. తిప్పి చెప్పుకుంటే, గొలుసులు సగం పొడవుకు తగ్గితే జిగట సగానికి కాదు, దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ప్లాస్టిక్ గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఇక ముందు చెప్పబోయేదంతా దీని మీదే నిలబడింది. గొలుసులు సగానికి తెగినా బరువు ఒక్క గ్రాము తగ్గదు, రంగు మారనక్కర్లేదు. గుణం మాత్రం మరో పదార్థమంత మారిపోతుంది.

మరి గొలుసును తెంచేది ఏది? ఫ్రీ రాడికల్. ఆరోగ్యం శీర్షికలు చదివేవారికి ఈ పేరు కొత్త కాదు. ఉసిరికాయ తినమని, గ్రీన్ టీ తాగమని చెప్పే ప్రతి వ్యాసంలో ప్రతినాయకుడు అదే. నిజానికి అది మంచీ కాదు, చెడూ కాదు. జంట కోల్పోయిన ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిన అణువు లేదా అణుముక్క, అంతే. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ జత కోసం పక్కవాడి మీద పడుతుంది. ఇలాంటిది ఉండగలదని 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ చూపినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన మాత్రం ఈ రంగాన్ని నాకే వదిలిపెట్టండని తన పరిశోధన పత్రం చివర తోటి శాస్త్రజ్ఞులకు విన్నవించుకున్నాడు. పాపం, ఎవరూ వదల్లేదు. ప్లాస్టిక్ కర్మాగారంలో రాడికల్స్‌ను పుట్టించడానికి వాడేది ఆర్గానిక్ పెరాక్సైడ్. అందులో రెండు ఆక్సిజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధం చాలా బలహీనం, మామూలు కార్బన్-కార్బన్ బంధంలో సగం బలం కూడా ఉండదు. వేడి తగిలితే పుటుక్కున తెగి రెండు రాడికల్స్ అవుతుంది. ఒక్కోటీ పక్కనున్న ప్లాస్టిక్ గొలుసు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేసుకుని తాను కుదుటపడుతుంది. ఇప్పుడు ఒంటరి ఎలక్ట్రాన్ గొలుసు నెత్తిన పడింది. పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కూ ఒక చిన్న కొమ్మ ఉంటుంది. హైడ్రోజన్ తేలిగ్గా ఊడివచ్చేది ఆ కొమ్మ మొదట్లోనే. ఆ వేడిలో అక్కడ పుట్టిన రాడికల్ ఎక్కువసేపు నిలవదు, పక్క బంధాన్ని తెంపుకుని గొలుసును రెండు ముక్కలు చేస్తుంది.

ఇదంతా జరిగేది ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో. పొడవాటి వేడి గొట్టం, లోపల తిరిగే స్క్రూ. పెద్ద కర్మాగారాల్లో అయితే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగే జంట స్క్రూలు. ఒక వైపు నుంచి ప్లాస్టిక్ గుళికలు పడతాయి, వీటినే వ్యాపారులు దానా అంటారు. రెండో వైపు నుంచి వేడి తీగలు వచ్చి నీళ్లతొట్టిలో మునిగి, గట్టిపడి, కట్టర్‌లో మళ్లీ గుళికలవుతాయి. లోపల ఉండే వ్యవధి ఒకటి రెండు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో ఎంత పెరాక్సైడ్ కావాలో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 25 కిలోల బస్తాకు పన్నెండున్నర గ్రాములు అనుకుందాం, అంటే కిలోకు అర గ్రాము. ఎక్కువగా వాడే పెరాక్సైడ్ ఒక్కో అణువు నాలుగు రాడికల్స్ ఇస్తుంది. అన్నీ పనికిరావు, కొన్ని దారిలోనే చల్లారిపోతాయి. ఉజ్జాయింపుగా లెక్కిస్తే నాలుగు గొలుసులకు ఒక్క కోత పడుతుంది. ఇంత తక్కువ కోతకే ఎంఎఫ్ఐ ఎన్నో రెట్లు ఎందుకు పెరుగుతుంది? కోత గుడ్డిగా పడుతుంది కాబట్టి. పొడవాటి గొలుసుకు తెగే చోట్లు ఎక్కువ, కనుక దాని మీదే ఎక్కువ దెబ్బ పడుతుంది. సగటుకు అయిదు రెట్లు పొడవున్న గొలుసు ఒకటికి పైగా కోతలు తింటుంది, పొట్టిది చాలావరకు తప్పించుకుంటుంది. చిక్కుముళ్లకు అసలు కారణం ఆ పొడవాటివే కాబట్టి పాకం ఒక్కసారిగా పలచబడుతుంది. పైగా గొలుసులన్నీ ఇంచుమించు ఒకే పొడవుకు దగ్గరవుతాయి. సన్నటి పోగు తెగకుండా లాగడానికి కావలసింది సరిగ్గా అదే. గులాబ్‌జామ్ పాకం గడ్డకట్టకుండా నాలుగు నిమ్మచుక్కలు వేసే వంటింటి నేర్పు కూడా ఈ కోవలోదే. అక్కడ ఆమ్లం పంచదార అణువును రెండుగా విడగొడుతుంది. రసాయనం వేరు, కోత ఒకటే.

ఇంతవరకు చదివి, రాడికల్ అంటే కత్తెర అని ఎవరైనా తీర్మానించుకుంటే పప్పులో కాలేసినట్టే. అదే పెరాక్సైడ్‌ను పాలిథిన్‌లో వేయండి, గొలుసు తెగదు. పాలిథిన్‌కు ఆ కొమ్మలు లేవు. దాని మీద పుట్టిన రాడికల్ కాస్త నిలకడగా ఉండి, ఇంకో గొలుసు మీది రాడికల్‌తో చెయ్యి కలుపుతుంది. రెండు గొలుసుల మధ్య ముడి పడుతుంది. ముళ్లు పెరిగేకొద్దీ పాకం చిక్కబడి, చివరికి మొత్తం ఒకే వల అవుతుంది. బజ్జీల బండి మీద పొద్దుటి నుంచి మరుగుతున్న నూనె సాయంత్రానికి చిక్కబడి, జిడ్డుగా, నల్లగా మారడం చూస్తూనే ఉంటాం. అదీ రాడికల్స్ పనే, నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతుంటాయి. అక్కడ అది నష్టం. కరెంటు కేబుల్ తయారీలో మాత్రం ఈ అతుకుడే లాభం. మామూలు పాలిథిన్ 110 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ముళ్లు పడిన పాలిథిన్ కరగదు. అందుకే ఎక్స్‌ఎల్‌పీఈ అనే ఆ రకం తొడిగిన కేబుల్ 90 డిగ్రీల వేడిని రోజూ భరిస్తుంది, షార్ట్ సర్క్యూట్ అయిన కొన్ని క్షణాలు 250 డిగ్రీలనైనా తట్టుకుంటుంది. ఇందులోనే ఇంకా తెలివైన దారి ఒకటుంది. ముడిని యంత్రంలోనే వేస్తే స్క్రూ బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కదా. 1968 ప్రాంతంలో వచ్చిన సిలేన్ పద్ధతిలో రాడికల్‌కు అప్పగించే పని గొలుసుకు ఒక చిన్న సిలేన్ కొక్కెం తగిలించడం వరకే. ముళ్లు పడేది తర్వాత, కేబుల్‌ను తయారుచేసి వేడినీళ్లలోనో ఆవిరిలోనో ఉంచినప్పుడు. తడి తగిలితే కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కేబుల్‌కు నీళ్లంటే శత్రువు అనుకునే మనకు, ఒక రకం కేబుల్‌ను నీళ్లలో ఉడికించి గట్టిచేస్తారంటే వింతగానే ఉంటుంది.

ఇక్కడి నుంచి నా అసలు వాదన. పెరాక్సైడ్ వేస్తేనే రాడికల్స్ వస్తాయనుకోవడం పొరపాటు. ప్లాస్టిక్‌ను కరిగించిన ప్రతిసారీ, పిలిచినా పిలవకపోయినా, అవి వస్తాయి. వేడి వల్ల కొన్ని, స్క్రూ నలుపుడుకు గొలుసులు తెగడం వల్ల కొన్ని, లోపల చిక్కుకున్న గాలిలోని ఆక్సిజన్ వల్ల ఇంకొన్ని. కాబట్టి ఈ రసాయనాన్ని వాడాలా వద్దా అనేది ప్రశ్నే కాదు. దాన్ని మనం నడిపిస్తున్నామా, దాని ఇష్టానికి వదిలేశామా అన్నదే ప్రశ్న. దీనికి సాక్ష్యం ప్లాస్టిక్ కంటే పాతది. 1820లో లండన్‌లో థామస్ హాన్‌కాక్ రబ్బరు వస్తువులు కోయగా మిగిలిన ముక్కల్ని వృథా పోనివ్వకుండా చీల్చడానికి పళ్ల చక్రంతో ఒక యంత్రం చేయించాడు. చిన్న పీలికలు వస్తాయనుకుంటే మెత్తటి ముద్ద వచ్చింది. రహస్యం బయటపడకూడదని ఆ యంత్రానికి పికిల్ అని మారుపేరు పెట్టాడు, మన మాటలో ఊరగాయ. రబ్బరు ఎందుకు మెత్తబడిందో నూరేళ్ల దాకా ఎవరికీ సరిగ్గా తెలియలేదు. గాలి లేకుండా నైట్రోజన్‌లో నలిపితే మెత్తబడటం లేదని 1930లలో గమనించారు. నలిగినప్పుడు గొలుసులు తెగి రాడికల్స్ పుడుతున్నాయనీ, ఆక్సిజన్ వచ్చి ఆ తెగిన కొసల్ని మూసేస్తోందనీ, గాలి లేకపోతే అవే కొసలు మళ్లీ అతుక్కుంటున్నాయనీ 1952లో ఇంగ్లండులో పైక్, వాట్సన్ తేల్చారు. గమనించాల్సింది ఏమిటంటే, కరిగించి నలిపే దశలో పాలిమర్‌ను మార్చే ఈ విద్య మొదలైందే చెత్తను తిరిగి వాడుకునే ప్రయత్నంలోంచి.

పిలవకుండా వచ్చే రాడికల్స్ గురించి తయారీదారులకు బాగా తెలుసు. అందుకే కొత్త ప్లాస్టిక్‌లో కిలోకు ఒకటి రెండు గ్రాముల చొప్పున యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు. ఫినాల్ జాతివి కొన్ని, ఫాస్ఫైట్ జాతివి కొన్ని. ఫినాల్ జాతివి రాడికల్స్‌కు హైడ్రోజన్ దానం చేసి చల్లారుస్తాయి, ఫాస్ఫైట్ జాతివి రాడికల్స్‌కు మూలమయ్యే పెరాక్సైడ్లను నిర్వీర్యం చేస్తాయి, ఆ క్రమంలో తామూ ఖర్చయిపోతాయి. మొదటి అచ్చులో కొంత, పదేళ్ల వాడకంలో కొంత, ఎండలో ఇంకొంత. డాబా మీద మూడు ఎండాకాలాలు పడి ఉన్న కుర్చీని వేలితో రుద్దితే తెల్లటి పిండి అంటుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో గొలుసుల్ని తెంచి, ఆక్సిజన్‌ను చొప్పించి వదిలిన ఆనవాలు అది. రంగు వెలిసిపోయిందని మనం అనుకుంటాం. అసలు సంగతి ఏమిటంటే ఆ పొరలో హైడ్రోపెరాక్సైడ్లు పేరుకుని ఉంటాయి. పెరాక్సైడ్‌కు తోబుట్టువులే అవి. ఆ కుర్చీని పాతసామాన్ల బండివాడు ఉల్లిపాయలకు కొనుక్కుపోయి, అది చేతులు మారి, ముక్కలై, ఎక్స్‌ట్రూడర్‌లో పడ్డప్పుడు, ఎవరూ వేయని పెరాక్సైడ్‌ను అదే వెంట తెస్తుంది. కాపాడే యాంటీఆక్సిడెంట్ అప్పటికే అయిపోయి ఉంటుంది. గొలుసులు టపటపా తెగుతాయి. ఆ దానాతో చేసిన కొత్త వస్తువు మొదటి రోజు నిగనిగలాడుతుంది, నెల తిరక్కుండా కాలు విరుగుతుంది. తప్పు మళ్లీ వాడిన ప్లాస్టిక్‌దని కొన్నవాళ్లు తీర్పు చెప్పేస్తారు. నిజానికి తప్పు దాన్ని కేవలం కరిగించి ఊరుకోవడంలో ఉంది.

ఇది ఇప్పుడే మాట్లాడుకోవలసిన విషయం కావడానికి కారణం ఉంది. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలకు కేంద్రం 2022 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26లో 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలి. ఏటా పదేసి శాతం పెరుగుతూ 2028-29 నాటికి అది 60 శాతానికి చేరాలి. డబ్బాలు, మూతలు, సీసాలు అన్నీ ఇందులోకి వస్తాయి. సగానికి పైగా పాత సరుకు అంటే, చెంచాడు పాతది కొత్తదాంట్లో దాచేయడం ఇక కుదరదు. పాతదాన్ని బాగుచేయక తప్పదు. బాగుచేయడం అంటే, తెగినచోట అతకడం, అతుక్కున్నచోట విడదీయడం, ఖర్చయిన యాంటీఆక్సిడెంట్‌ను మళ్లీ నింపడం. పాలీప్రొపిలీన్‌ను తెంచడం తేలిక, అతకడం కష్టం. అయినా దారి లేకపోలేదు. పెరాక్సైడ్‌తో పాటు రెండు మూడు చేతులున్న యాక్రిలేట్ లాంటి సహాయకాన్ని వేస్తే, తెగబోయే రాడికల్‌ను అది ముందే పట్టుకుని ఇంకో గొలుసుకు కొమ్మలా తగిలిస్తుంది. కొమ్మలున్న పాలీప్రొపిలీన్ తీగ పాకంలా సాగుతుంది, నురుగుగా ఉబ్బించినా పగలదు.

అభ్యంతరాలు లేకపోలేదు, కొన్ని బలమైనవే. మొదటిది అదుపు గురించి. రెప్పపాటు కూడా నిలవని రాడికల్‌ను, అదీ మనిషి చూపు పడని ఉక్కు గొట్టంలో, ఎవరు అదుపు చేయగలరు? దీనికి జవాబు కర్మాగారాల్లోనే ఉంది. కావలసిన ఎంఎఫ్ఐ కోసం పాలీప్రొపిలీన్‌ను పెరాక్సైడ్‌తో కోయడం దశాబ్దాలుగా మామూలు వ్యవహారం, ఆ దానాకు కంట్రోల్డ్ రియాలజీ గ్రేడ్ అన్న పేరే ఉంది. ఒక్కో రాడికల్‌ను ఎవరూ అదుపు చేయరు. ఎంత పెరాక్సైడ్, ఎంత వేడి, ఎంతసేపు అన్న మూడింటినీ పట్టుకుంటారు. బయటికి వచ్చే పాకం జిగటను కొలుస్తూ మోతాదు సర్దుతారు. గుర్రాన్ని అదుపు చేయడానికి దాని కండరాలన్నీ తెలియనక్కర్లేదు, కళ్లెం చేతిలో ఉంటే చాలు. చిన్న యూనిట్లకు అసలు ఇబ్బంది పెరాక్సైడ్ నిల్వ. వేడి తగిలితే భగ్గుమనే గుణం దానిది. అందుకే దాన్ని ప్లాస్టిక్ గుళికల్లోనే పలచగా కలిపి మాస్టర్‌బ్యాచ్‌గా అమ్ముతారు. రంగు గుళికలు కలపడం వచ్చినవాడికి ఇదీ వస్తుంది.

రెండో అభ్యంతరం: ఇదంతా ఎందుకు, రియాక్టర్‌లోనే సరైన పొడవుతో గొలుసులు చేసుకోవచ్చు కదా? చేసుకోవచ్చు. రియాక్టర్‌లో హైడ్రోజన్ మోతాదుతో గొలుసు పొడవును నిర్ణయిస్తారు. మెటలోసీన్ ఉత్ప్రేరకాలు వచ్చాక, పొడవుల్లో తేడా తక్కువగా ఉండే గొలుసుల్ని పెరాక్సైడ్ అవసరం లేకుండానే తీస్తున్నారు. పసిపిల్లల డైపర్లకు, మాస్కులకు వాసనలేని రకం కావాలనుకునేవారు వాటినే అడుగుతున్నారు. ఈ అభ్యంతరాన్ని కొత్త ప్లాస్టిక్ విషయంలో నేను ఒప్పుకుంటాను. వాడేసిన ప్లాస్టిక్‌కు మాత్రం తిరిగి వెళ్లడానికి రియాక్టర్ లేదు. దానికి మిగిలిన ఒకే ఒక్క రసాయన అవకాశం, కరిగి స్క్రూలో తిరిగే ఆ ఒకటి రెండు నిమిషాలు. పీఈటీ సీసాల దారి వేరు, వాటి గొలుసును తెంచేది ముఖ్యంగా తడి, అతికే మందులూ వేరే. పీవీసీ గొడవ ఇంకా వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది ఇళ్లలో, బజార్లలో కుప్పలుగా పోగయ్యే పాలిథిన్, పాలీప్రొపిలీన్ల గురించే.

మూడోది వాసన, అవశేషాలు. ఇది నిజమైన ఇబ్బంది. డైక్యుమైల్ పెరాక్సైడ్ తన పని చేశాక ఎసిటోఫినోన్‌ను వదులుతుంది, కొత్త కేబుల్ చుట్ట విప్పినప్పుడు వచ్చే తియ్యటి ఘాటు చాలాసార్లు దానిదే. మిగతావి టెర్షియరీ బ్యూటనాల్, ఎసిటోన్ లాంటివి వదులుతాయి. ఎక్స్‌ట్రూడర్ చివర్లో వాక్యూమ్ పెట్టి వీటిని లాగేయాలి. లాగని యూనిట్ సరుకును మంచినీళ్ల బిందెకు వాడకూడదు. నిజానికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని రీసైకిల్డ్ దానాను, పెరాక్సైడ్ వేసినా వేయకపోయినా, తినే తాగే వస్తువులకు వాడకూడదు. ఆ దానాలోకి పురుగుమందు డబ్బా కూడా వచ్చి ఉండవచ్చు.

నాలుగోది నాకు అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం. పాలీప్రొపిలీన్, పాలిథిన్ కలిసిపోయి వచ్చిన చెత్త సంగతేమిటి? మూత ఒకటి, డబ్బా ఒకటి. కడిగే తొట్టిలో రెండూ నీళ్ల మీద తేలుతాయి కాబట్టి తేలికగా విడిపోవు. కలిపి కరిగిస్తే నూనె, నీళ్లలా విడివిడిగా ఉంటాయి. వాటికి పెరాక్సైడ్ వేస్తే ఒకటి తెగుతుంది, ఇంకోటి ముడిపడుతుంది. కావలసిన అంకె కోసం ఒకదాన్ని సవరిస్తే రెండోది పాడవుతుంది. ఈ ముడిని రాడికల్ రసాయనం ఒంటరిగా విప్పలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. 2017లో అమెరికాలో కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల వాళ్లు పాలిథిన్ ముక్కా పాలీప్రొపిలీన్ ముక్కా ఒకే గొలుసులో వరసగా ఉన్న అణువును తయారుచేసి, దాన్ని కొద్దిగా కలిపితే రెండు ప్లాస్టిక్‌లూ అతుక్కుంటాయని చూపారు. అది ఉత్ప్రేరకాల విజయం, రాడికల్స్‌ది కాదు.

వేరే జంటల విషయంలో మాత్రం రాడికల్స్‌దే పైచేయి. కొన్ని నూనె ప్యాకెట్లలో పాలిథిన్ పొరల మధ్య నైలాన్ పొర ఉంటుంది, గాలి చొరబడకుండా. ఈ రెండూ సహజంగా అతుక్కోవు. వాటి మధ్య జిగురు పొరగా వేసేది, మాలేయిక్ ఆన్‌హైడ్రైడ్ కొక్కేలు తగిలించిన పాలిథిన్. తగిలించేది పెరాక్సైడ్ రాడికల్సే, అదీ ఎక్స్‌ట్రూడర్‌లోనే. బరువులో ఒక శాతం కొక్కేలు ఎక్కితే చాలు. నైలాన్ గొలుసు కొసల్లో ఉన్న అమైన్ గుంపు ఆ కొక్కేన్ని పట్టుకుంటుంది. అదే రకం కొక్కేలు గాజు నూలును పాలీప్రొపిలీన్‌లో నిలబెడతాయి, రంపపు పొట్టును ప్లాస్టిక్‌తో కలిపి పలకలు చేయిస్తాయి. వాడి పారేసిన పొరల ప్యాకెట్‌ను కలిపి కరిగించినప్పుడు ఇదే కొక్కేల ప్లాస్టిక్‌ను కాస్త వేస్తే, నైలాన్ ఉండలు కట్టకుండా సన్నటి చుక్కలై కలిసిపోతుంది. చూస్తే, తయారీలోనూ మరమ్మత్తులోనూ పని ఒక్క అణువుదే.

కేబుల్ లాంటి ముడిపడిన ప్లాస్టిక్ మళ్లీ కరగదు కదా, రీసైక్లింగ్‌కు అది శత్రువు కాదా అని అడిగేవారున్నారు. ఇప్పటికి అవుననే చెప్పాలి. దీనికో దారిని 2017లోనే పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం చూపింది. మామూలు పాలిథిన్‌కు ఎక్స్‌ట్రూడర్‌లో రాడికల్స్ ద్వారా బోరాన్ ఉన్న గుంపుల్ని తగిలించి, వేడిలో చేతులు మార్చుకునే ముళ్లు వేశారు. ముడి ఉంటుంది, కానీ వేడికి ఒక జత వదిలి ఇంకో జతను పట్టుకుంటుంది, అందుకని మళ్లీ అచ్చుపోయవచ్చు. గోడల్లోని వైర్లదాకా ఇది ఇంకా రాలేదు. దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి ఆక్సో-డిగ్రేడబుల్ సంచులది. కోబాల్టు, మాంగనీసు, ఇనుము లవణాలు కలిపి, రాడికల్స్‌ను కావాలనే అదుపు తప్పించి, సంచి దానంతటదే చిల్లులు పడి పొడి అయ్యేలా చేశారు. పొడి అయింది, మాయం కాలేదు. అలాంటి సంచి రీసైక్లింగ్ కుప్పలో పడితే మిగతా మంచి ప్లాస్టిక్‌నూ తెంచుకుపోతుంది. ఐరోపా సమాఖ్య 2021 జూలై నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. రాడికల్స్‌ను వదిలేయడానికీ నడిపించడానికీ ఉన్న తేడాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

మళ్లీ నియమాల దగ్గరకు వస్తే, అవి లెక్కపెట్టేది శాతాలు, అంటే కిలోలు. ఎన్ని కిలోలు సేకరించారు, ఎన్ని కిలోలు కరిగించారు, కొత్త డబ్బాలో ఎంత బరువు పాతది. గొలుసు సగానికి తెగినా కాటా మీద 25 కిలోల బస్తా 25 కిలోలే తూగుతుంది. నియమం దృష్టిలో మంచి దానా, చచ్చిన దానా ఒక్కటే. మార్కెట్‌లోనూ అంతే. కొత్త దానా బస్తా మీద గ్రేడు పేరు ఉంటుంది, ఆ పేరుతో ఎంఎఫ్ఐ ఎంతో తెలిసిపోతుంది. రీసైకిల్డ్ దానాను ఎక్కువగా అమ్మేది రంగు చూపించి, వేళ్ల మధ్య నలిపి, లైటర్ వెలిగించి మంట రంగూ పొగ వాసనా చూసి. లైటర్ పరీక్ష అది పాలిథినో పీవీసీనో చెబుతుంది, గొలుసు పొడవు చెప్పదు. చెప్పే పరికరం చిన్నదే, బల్ల మీద పడుతుంది. ఒక వేడి గొట్టం, ఒక పిస్టన్, 2.16 కిలోల బరువు, గడియారం, చిన్న తూనిక. పాలిథిన్‌కైతే 190 డిగ్రీలు, పాలీప్రొపిలీన్‌కైతే 230. నాలుగైదు గ్రాముల దానా వేసి, కింద రంధ్రంలోంచి జారే తీగను ఇన్ని సెకన్లకొకసారి కోసి, తూచి, 10 నిమిషాలకు లెక్కగడతారు. ఆ అంకె 3 ఉండాల్సిన చోట 14 వస్తే, ఎండలోనో యంత్రంలోనో ఆ సరుకుకు ఏం జరిగిందో, దానికి ఇప్పుడు కొమ్మలు కావాలో కోత కావాలో తెలుస్తుంది. ఆ అంకెను బస్తా మీద బరువు పక్కనే అచ్చువేయమని నియమంలో ఒక్క వాక్యం చేర్చితే, రీసైకిల్డ్ దానా అమ్మేవాడు మొదటిసారి గొలుసు పొడవుకు ధర అడగగలుగుతాడు.